సవరణ: ఆర్మీ-నేవీ ఫ్లాగ్ ఫుట్‌బాల్ గురించి

నిన్న అమెరికా ఆర్మీ, నేవీ వాళ్లు 1890 నుంచీ ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఆడుకుంటున్నారని రాసేశా, తప్పండీ, రెండు ఆటలు కలిపేశాను. 1890లో వెస్ట్ పాయింట్‌లో (ఆర్మీ అకాడమీ ఉన్న చోటు) జరిగింది ఆర్మీ, నేవీ ట్రైనింగ్ అకాడమీల స్టూడెంట్ల మధ్య అసలు అమెరికన్ ఫుట్‌బాల్, అంటే మీదపడి కింద పడేసేదే, నేవీ 24-0తో గెలిచింది. మిలిటరీ బేసుల్లో డ్యూటీలో ఉన్నవాళ్లు సరదాగా ఆడుకునే ఫ్లాగ్ మ్యాచ్ వేరు, అందులో బాల్ పట్టుకున్నోడి నడుముకి వేలాడే గుడ్డపట్టీ లాగేస్తే చాలు, ఆ విడత ఆట అక్కడికి ఆగిపోద్ది, మన కబడ్డీలా పట్టుకుని పడేయడాలుండవు (మర్నాడు డ్యూటీకి కాళ్లూ చేతులూ ఉండాలిగా!). ఇంకోటి, 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఫ్లాగ్ ఫుట్‌బాల్ టీమ్‌కి ఏడుగురని రాశా, కాదు, ఐదుగురే. నా తప్పు ఎత్తిచూపిన నేవీ ఫ్యాన్ తమ్ముడికి థాంక్స్, ఆ 24-0 మాత్రం అన్నిసార్లు గుర్తుచేయక్కర్లేదు నాయనా.