మానిటర్ అటకారోహణం

చచ్చిన మానిటర్‌ను బాగు చేయించాలా, కొత్తది కొనాలా అన్నది గృహస్థుల స్థాయిలో తేలే ప్రశ్న కాదు. కేంద్ర ప్రభుత్వానికే తేలలేదు. 2022లో మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసి, ఆ ఏడాది డిసెంబరులో పోర్టల్ కూడా తెరిచింది. పాతదాన్ని బాగు చేయించుకొమ్మని దాని భావం. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన మానిటర్ల మీద జీఎస్టీని 28 నుంచి 18 శాతానికి దించింది. కొత్తది కొనుక్కొమ్మని దీని భావం. మన ఇళ్లలో కాలం చేసేవి ఎక్కువగా చిన్నవి, వాటి మీద పన్ను అంతకుముందే 18 శాతం. కనుక ఈ ఉపకారం మనకు దక్కాలంటే పోయినదానికి రెట్టింపుది కొనాలి. పొదుపు చేసే ఉద్దేశం ఉన్నవారు గమనించాలి.

ఇక వైద్యం. తెర నల్లబడగానే ఇంటి పెద్దాయన వచ్చి మానిటర్ చెంప మీద ఒకటి వేస్తారు. దీన్ని అనాగరికం అనకండి. పాత డబ్బా మానిటర్లలో వదులైన టంకం ఆ దెబ్బకు సర్దుకుని బొమ్మ తిరిగొచ్చిన సందర్భాలున్నాయి. ఎల్‌సీడీలు వచ్చి జబ్బు మారింది, వైద్యుడు మారలేదు. తరువాత బావమరిది వస్తాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కాబట్టి హార్డ్‌వేర్ విషయంలో అతని మాటకు తిరుగులేదు. కేబుల్ తీసి పెట్టి, మళ్లీ తీసి పెట్టి, "ప్యానెల్ పోయింది బావా, ఇక లాభం లేదు" అని తేల్చేస్తాడు.

గదిలో దీపాలార్పి, తెర మీద టార్చిలైటు ఏటవాలుగా వేసి చూద్దామని మాత్రం ఎవరూ అనరు. లోపల బొమ్మ మసకగా కనిపిస్తే బొమ్మ చూపే ప్యానెల్ నిక్షేపంగా ఉన్నట్టే, దాని వెనక వెలుగు ఆరిపోయిందంతే. అసలు పవర్ బటన్ దీపమే వెలగని కేసుల్లో హంతకుడు తరచుగా పవర్ బోర్డు మీది కెపాసిటర్ అనే బుల్లి డబ్బా. చదునుగా ఉండాల్సిన దాని నెత్తి ఏళ్ల తరబడి వేడికి పూరీలా పొంగుతుంది. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో అలాంటిది పది ఇరవై రూపాయలకు దొరుకుతుంది. చిక్కంతా ఇక్కడే. వేలు పోసి కొన్న వస్తువు పది రూపాయల ముక్కతో పోయిందంటే నలుగురిలో ఇంటి పరువేం కావాలి? అందుకే మెకానిక్ దయతలచి "బోర్డు పోయింది సార్" అంటాడు. ఆయన అడిగే మొత్తం కొత్తదాని ధరలో సగానికి ఒక్క వంద తక్కువ ఉంటుంది. సగం దాటితే కొత్తదే మేలని లోకంలో ఒక లెక్క ఉంది. ఆ లెక్క మనకంటే ఆయనకే బాగా తెలుసు.

ఆ మాట విన్న గృహస్థు, ఊరికే ధర కనుక్కుని వద్దామని సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్తాడు. ఊరికే ధర కనుక్కుని తిరిగొచ్చినవాళ్లు చరిత్రలో లేరు.

మరి పాతది? పాశ్చాత్యులు ఈ ప్రశ్నకు రెండే జవాబులనుకున్నారు: బాగు చేయించడం, లేదా పారేయడం. ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం 2021 మార్చి నుంచి, ఒక మోడల్‌లో ఆఖరిది మార్కెట్లోకి వచ్చాక కూడా కనీసం ఏడేళ్లు దాని విడిభాగాలు దొరకాలి. పాపం, వాళ్లకు అటక విలువ తెలియదు. అటకెక్కిన మానిటర్ చచ్చినట్టూ కాదు, బతికినట్టూ కాదు. "తీరిక దొరికినప్పుడు చేయిద్దాం" అన్న ఒక్క మాటతో కొత్తది కొన్న దుబారా దోషం, పాతది పారేసిన పాపం రెండూ పోతాయి. 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనలు పాత సరుకును రీసైక్లింగ్‌కు చేర్చే బాధ్యత తయారీదారు మీద పెట్టాయి. ఎంత పెద్ద కంపెనీ అయినా మన అటక ఎక్కలేదు కదా. పాత ఎల్‌సీడీల వెనక గొట్టపు దీపాల్లో పాదరసం ఉంటుంది. అది ఇప్పుడు బొమ్మల కొలువు పెట్టెకూ, ఇత్తడి గంగాళానికీ మధ్య భద్రంగా ఉంది. పాత సామాన్ల బండివాడు అడిగితే ఇంటావిడ ఇవ్వదు. "అది పనిచేసేదే నాయనా, చిన్న రిపేరు ఉంది" అంటుంది.

పైకి ఎక్కించేముందు పవర్ కేబుల్ మాత్రం తీసి దాచుకోవాలి. కొన్ని రైస్ కుక్కర్లకు సరిపోతుంది.