తప్పు గుర్తుపెట్టుకున్నవాళ్లదే

నవలలు చదివేవాళ్ల జ్ఞాపకశక్తికి ప్రభుత్వం ఒక హద్దు పెట్టాలి. ముందు శ్రీకాకుళం జిల్లాలో పెట్టాలి, ఇక్కడ పరిస్థితి చేయి దాటిపోయింది.

మా వైపు ఒకాయన అయిదు భాగాల నవల రాస్తున్నాడు. నాలుగు వచ్చాయి. రెండో భాగంలో హీరో మేనమామ పోయాడు. పెద్దకర్మ భోజనాల వర్ణనే మూడు పేజీలు, గుమ్మడికాయ దప్పళంతో సహా. మూడో భాగంలో అదే మనిషి రాజాం సంతలో బెల్లం బేరమాడుతూ తేలాడు. ఒక పెద్దావిడ వెంటనే ఫోన్ చేసింది. "ఏటి బాబూ, ఈ మావకి భోజనాలు కూడా పెట్టీసినారు కదేటి? మల్లీ బెల్లం ఎవులికి?"

ఇదేం అడగడం! చంపినప్పుడు రచయిత మనసు బాగోలేదు, ఇప్పుడు కుదుటపడింది.

నిజానికి మా ప్రాంతం రచయితలకి ఎంతో సహకరిస్తుంది. సింహాచలం అని పేరు పెడితే చాలు, మొదటి భాగంలో మగవాడు మూడో భాగంలో ఆడమనిషైనా అచ్చుతప్పు పడదు. రాజాం సంగతే చూడండి. ఒక భాగంలో శ్రీకాకుళం జిల్లా అని, ఇంకో భాగంలో విజయనగరం జిల్లా అని రాశాడు. గోల చేశారు. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వమే రాజాన్ని తీసుకెళ్లి విజయనగరంలో కలిపిందా లేదా? కథ జరిగేది 1985లో కదా అనేవాళ్లకి నేను జవాబివ్వను.

మహాభారతాన్ని 11వ శతాబ్దిలో నన్నయ మొదలుపెట్టాడు, 13లో తిక్కన, 14లో ఎర్రన అందుకున్నారు, అయినా భీముడి గద అర్జునుడి చేతిలోకి రాలేదే అంటారు కొందరు. వాళ్లకేం, వ్యాసుడు రాసిపెట్టిన రిజిస్టరు ఎదురుగా ఉంది. మావాడు వంశవృక్షం కరెంటు బిల్లు వెనక గీసుకున్నాడు. కట్టడానికెళ్లి కౌంటర్లో ఇచ్చేసి వచ్చాడు.

పాఠకులంటే ఇంగ్లండు వాళ్లు. షెర్లాక్ హోమ్స్ స్నేహితుడు డాక్టర్ వాట్సన్‌కి 1887 నవలలో తూటా భుజానికి తగిలింది, 1890 నవలకొచ్చేసరికి గాయం కాలికి దిగింది. జాన్ హెచ్. వాట్సన్ అనే ఆ మనిషిని ఒక కథలో సొంత భార్యే జేమ్స్ అని పిలిచింది. దానికి డొరొతీ సేయర్స్ అనే రచయిత్రి, మధ్యలో ఉన్న హెచ్ అంటే హేమిష్, స్కాట్లండులో జేమ్స్‌ని అలాగే అంటారు అని సర్దిచెప్పింది. అదీ సంస్కారం!

మావాళ్లు సర్దిచెప్పరు సరికదా, వావివరసలు లెక్కపెడతారు. మేనమామ బతికొచ్చేటప్పుడు ఊరికే రాలేదు, వరస మార్చుకుని చిన్నాన్నగా వచ్చాడు. నాలుగో భాగంలో ఆయన కూతురితోనే హీరో పెళ్లి. మేనరికం అనుకుని రాసింది కాస్తా అన్నాచెల్లెళ్ల పెళ్లయి కూర్చుంది. బ్రాహ్మడు, బాజాలు, అప్పగింతలు అన్నీ అయిపోయాయి. పుస్తకం అచ్చయి అంగళ్లకి వెళ్లిపోయింది.

పాత్రకో పేజీ పెట్టి వయసు, ఊరు, చుట్టరికం, పోతే ఏ అధ్యాయంలో పోయాడో రాసుకోమని ఒక కుర్రాడు సలహా ఇచ్చాడు. పుస్తకం కొన్నది చాలక బుద్ధి కూడా చెబుతాడు.

ప్రస్తుతానికి హీరోని అయిదో భాగంలో ఎవరికైనా దత్తత ఇచ్చేసి గండం గట్టెక్కాలని రచయిత ఆలోచన. ఇవ్వడానికి ఇల్లు దొరకడం లేదు. మిగతా కుటుంబాలన్నిటినీ మూడో భాగంలోనే తిత్లీ తుపానుకి ఊరు ఖాళీ చేయించి పంపేశాడు. ఆ తుపాను వచ్చింది 2018లో అని అప్పుడే ఇద్దరు ఉత్తరాలు రాశారు.