కార్లిటోను చంపింది హెరాయిన్ కాదు

బ్రయాన్ డి పాల్మా 1993లో తీసిన ‘కార్లిటోస్ వే’ ప్రస్తావన వచ్చినప్పుడల్లా, అదే దర్శకుడు అదే అల్ పచీనోతో పదేళ్ల ముందు తీసిన ‘స్కార్‌ఫేస్’ పక్కన దాన్ని నిలబెట్టి, ‘అంత ఊపు లేదు’ అని తేల్చేస్తుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది. అది మత్తుమందుల వ్యాపారంలో పైకెక్కేవాడి కథ; ఇది దిగిపోవాలని తపించేవాడి కథ. రెండింటికీ ఒకే నడక ఎలా ఉంటుంది?

1975 నాటి న్యూయార్క్. హెరాయిన్ అమ్మి ముప్పై ఏళ్ల శిక్ష పడిన కార్లిటో బ్రిగాంటే, సాక్ష్యాలు సేకరించిన తీరు చెల్లదని లాయరు క్లైన్‌ఫెల్డ్ వాదించి గెలవడంతో ఐదేళ్లకే బయటికొస్తాడు. 75 వేల డాలర్లు కూడబెట్టి, బహామాస్ వెళ్లి, కార్లు అద్దెకిచ్చే వ్యాపారంలో చేరాలన్నది అతని కోరిక. నైట్‌క్లబ్బు నడుపుతాడు గానీ మళ్లీ సరుకు ముట్టడు. చుట్టాల కుర్రాడి వెంట తోడుగా వెళ్లిన పాపానికి కాల్పుల్లో ఇరుక్కుని, తూటాలు అయిపోయిన తుపాకీ పట్టుకుని బాత్‌రూంలో నక్కి, బయట ఎవరు మిగిలారో తెలియకుండానే బెదిరిస్తూ అరిచే పచీనో గొంతు వినండి. అందులో వీరత్వం లేదు, అలసట ఉంది.

అతన్ని ముంచింది ఋణం. జైలు నుంచి విడిపించినవాడు అడిగాడు కనుక, వద్దని ప్రియురాలు గెయిల్ ఎంత మొత్తుకున్నా వినకుండా, రైకర్స్ ద్వీపం నుంచి ఒక మాఫియా పెద్దను తప్పించడానికి అర్ధరాత్రి పడవ ఎక్కుతాడు. చేసిన మేలు మరవకూడదని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగిన మనకు ఈ ఘట్టం గుండెల్లో గుచ్చుకోవాలి. ఆ పడవ మీద హత్యలు చేసేది వీధి రౌడీ కాదు, కోటు వేసుకున్న లాయరు. మూలకథ రాసిన ఎడ్విన్ టోరెస్ స్వయంగా న్యూయార్క్‌లో న్యాయమూర్తి కావడం వల్లనేమో, ఆ పాత్రలోని కుళ్లు అంత నమ్మకంగా ఉంటుంది. షాన్ పెన్ దానికి పూర్తి న్యాయం చేశాడు.

ఇక బెన్నీ బ్లాంకో. క్లబ్బులో తలపొగరుగా మాట్లాడిన ఆ కుర్రవాణ్ణి కొట్టి మెట్ల మీద నుంచి తోసేశాక, చంపేయడానికి అనుచరులు సిద్ధంగా నిలబడితే, కార్లిటో వదిలేయమంటాడు. పాత కార్లిటో అయితే వదిలేవాడు కాదు. అతనిలో కొత్తగా పుట్టిన దయ, పాత రోజుల నుంచి మిగిలిన విశ్వాసం, రెండూ మంచి గుణాలే. ఆ రెండే అతని ప్రాణం తీశాయి. నేను ఈ సినిమాను నెత్తిన పెట్టుకోవడానికి కారణం ఇదే. వ్యాపారం మానేయడం ఒక్కడి నిర్ణయం కావచ్చు గానీ, చుట్టూ ఉన్న మనుషులు మానేయాలి కదా! పక్కనే తిరిగిన పచాంగా కూడా చివరికి అమ్ముడుపోయాడు.

గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో, రైలు కళ్లెదుటే ఉండగా, ఆనాడు వదిలేసిన బెన్నీ చేతి తూటా తగిలాక, కడుపుతో ఉన్న గెయిల్ చేతిలో ఆ డబ్బు పెడతాడు. స్ట్రెచర్ మీద పడుకున్న అతని చూపు గోడమీది సముద్రతీరపు బొమ్మ మీద ఆగుతుంది. అందులోని ఆడమనిషి మెల్లగా కదిలి నాట్యం చేయడం మొదలుపెడుతుంది.