అమెరికా కాలేజీ ర్యాంకుల పట్టిక గారికి ఒక తెలుగు తండ్రి విన్నపం

మహారాజశ్రీ యూఎస్ న్యూస్ కాలేజీ ర్యాంకుల పట్టిక గారి సముఖమునకు, టెక్సాస్‌లో స్థిరపడిన ఒక తెలుగు తండ్రి వ్రాసుకొను విన్నపము. ఉభయకుశలోపరి.

1983లో ఒక వారపత్రిక పేజీల్లో పుట్టి, ఆ పత్రిక అచ్చు ఆగిపోయిన తర్వాత కూడా ఏటా తప్పకుండా దర్శనమిస్తున్న తమరికి మా వంటి కుటుంబాల్లో ఎంతటి గౌరవం ఉన్నదో బహుశా తెలిసి ఉండదు. ఎంసెట్ ఫలితాలు వచ్చిన మర్నాడు దినపత్రిక మొదటి పేజీ నిండా ఫొటోలతో, హాల్ టికెట్ నంబర్లతో ఒకటి, ఒకటి, రెండు, మూడు అని కేకలు వేసే ప్రకటనలను చూస్తూ పెరిగిన వాళ్లం మేము. సముద్రాలు దాటి వచ్చాక మీరు కనబడితే దగ్గరి బంధువు ఎదురైనంత సంతోషం కలిగింది. అక్కడ ర్యాంకు పిల్లలకు వచ్చేది, ఇక్కడ కాలేజీకి వస్తుంది.

అసలు సంగతికి వస్తాను. మా అమ్మాయికి ఈ ఏడు రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి యాభై వేల మందికి పైగా చదివే ప్రభుత్వ విశ్వవిద్యాలయం. రెండవది కొండల మధ్య ఒక చిన్న ఊరిలో ఉన్న, రెండు వేల మందైనా లేని లిబరల్ ఆర్ట్స్ కాలేజీ, అంటే సాహిత్యం, చరిత్ర, గణితం, సైన్సు వంటివన్నీ కలిపి డిగ్రీ స్థాయిలో నేర్పే చోటు. మే 1లోగా ఏదో ఒకదానికి డిపాజిట్ కట్టాలి కనుక సహజంగానే మిమ్మల్ని ఆశ్రయించాను. తీరా చూస్తే తమరు ఒక్కరు కారు, ఇద్దరు. ప్రిన్స్‌టన్ ఏళ్ల తరబడి శిఖరాన కూర్చున్న జాతీయ విశ్వవిద్యాలయాల పట్టిక ఒకటి, విలియమ్స్ అంతకన్నా స్థిరంగా కూర్చున్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీల పట్టిక మరొకటి. మొదటి దానిలో ముప్పయ్యో స్థానం గొప్పదా, రెండవ దానిలో పదో స్థానం గొప్పదా అని అడిగితే తమరి దగ్గర సమాధానం లేదు. మా ఇంట్లో మాత్రం అందరి దగ్గరా ఉంది. "అందులో ఫస్ట్ వచ్చినా ఏం లాభం, ఆ లిస్టే వేరు కదా బావా" అని మా బావమరిది ఒక్క వాక్యంలో తేల్చేశాడు.

ఇందులో తమరి దోషం కొంతే. మిగిలినది మేము ఈ దేశానికి వచ్చిన దారిది. మాలో చాలామందిమి బి.టెక్. ముగించుకొని, అమీర్‌పేటలో కోచింగ్ తీసుకొని, కన్సల్టెన్సీ వారు వ్రాసి ఇచ్చిన పేర్లకు దరఖాస్తు చేసి, విద్యార్థి వీసాకు కావలసిన ఐ-20 పత్రం చేతబట్టుకొని ఎం.ఎస్. కోసం వచ్చినవాళ్లమే. లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు దాదాపు అన్నీ డిగ్రీ చదువుతోనే సరిపెట్టుకుంటాయి. వాటిలో మాకు కావలసిన ఎం.ఎస్. లేదు కనుక వాటి పేర్లు ఏ కన్సల్టెన్సీ గోడ మీదికీ ఎక్కలేదు, మా బంధువర్గంలో ఎవరూ ఆమ్‌హర్స్ట్‌లోనో స్వార్త్‌మోర్‌లోనో చదివి రాలేదు. ఆమ్‌హర్స్ట్ 1821లో మొదలైన కాలేజీ అయితేనేమి, మా పెదనాన్నగారి అబ్బాయి అందులో చదవకపోతే అది లేనట్లే. ఇంటెల్ స్థాపకుల్లో ఒకరైన రాబర్ట్ నాయిస్ అయోవాలోని గ్రినెల్‌లో డిగ్రీ చదివారనీ, 2020లో నోబెల్ అందుకున్న జెన్నిఫర్ డౌడ్నా కాలిఫోర్నియాలోని పొమోనాలో చదివారనీ మావాళ్లకు చెప్పి చూశాను. "ఆ తర్వాత ఎక్కడ చేశారు?" అని అడిగారు. ఎంఐటీ, హార్వర్డ్ అన్నాను. "అదీ మరి" అన్నారు. పోనీ, మనమంతా మావాడే అని చెప్పుకునే సత్య నాదెళ్ల గారు ఎం.ఎస్. చేసిన విస్కాన్సిన్-మిల్వాకీ విశ్వవిద్యాలయం ఈ పట్టిక మొదటి పేజీల్లో ఎక్కడా కనబడదు కదా అంటే, ఆయన సంగతి వేరట.

మా అమ్మాయి అడిగిన ప్రశ్న ఇంకొకటి: మొదటి ఏడాది తాను వ్రాసే వ్యాసాన్ని ఎవరు చదువుతారు? విలియమ్స్‌లో ట్యుటోరియల్ అనే పద్ధతి ఉన్నది. ఒక ప్రొఫెసర్ ఎదుట ఇద్దరే విద్యార్థులు కూర్చుంటారు. ఒక వారం ఒకరు వ్యాసం వ్రాసుకొని వస్తే రెండవవారు దానిని విమర్శిస్తారు, మరుసటి వారం పాత్రలు మారతాయి. చదవకుండా వెళ్లి వెనుక బెంచీలో దాక్కోవడానికి అక్కడ వెనుక బెంచీయే లేదు. పెద్ద విశ్వవిద్యాలయంలో మొదటి ఏడాది పాఠం మూడు నాలుగు వందల మంది పట్టే హాలులో జరగవచ్చు. సందేహాలు తీర్చి, పేపర్లు దిద్దేది తరచుగా టీచింగ్ అసిస్టెంటు, అంటే అక్కడే పై చదువు చదువుకుంటూ ఆ పని చేసే విద్యార్థి. కంప్యూటర్ సైన్సు విభాగమైతే అతడు నిరుడే హైదరాబాద్ నుంచి దిగిన మన కుర్రవాడు కావడానికి అవకాశం మెండు. అతడిని చిన్నచూపు చూడను. నా తరంలో ఎందరి ఫీజులో ఆ ఉద్యోగం వల్లనే తీరాయి. అయితే తన పరీక్షకు ముందు రాత్రి ఒంటిగంటకు ఎనభయ్యో పేపరు దిద్దేవాడి శ్రద్ధ ఏ పాటిదో ఆ పని చేసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఈ విషయం మీద తమరి దగ్గర ఒకప్పుడు ఒక గడి ఉండేది. తరగతిలో ఇరవై మందికన్నా తక్కువ ఉంటే ఎక్కువ మార్కులు వేసేవారు. ఆ మార్కులు ఎలా వచ్చేవో 2022లో లోకానికి తెలిసింది. కొలంబియా విశ్వవిద్యాలయం తన తరగతుల్లో 82.5 శాతం అంత చిన్నవేనని తమరికి చెప్పుకోగా, అక్కడే గణితం బోధించే మైఖేల్ థాడియస్ ఆ లెక్కలు నమ్మదగినవి కావని బహిరంగంగా వ్రాశారు. ఆ సెప్టెంబరులో కొలంబియా రెండవ స్థానం నుంచి పద్దెనిమిదికి జారింది. అంతకుముందు ఏడాది అదే గదిలో, అదే ప్రొఫెసరు దగ్గర చదువుకున్న పిల్లల చదువు కూడా పదహారు మెట్లు దిగిందా, లేదా అన్నది తమరు సెలవియ్యలేదు. 2023లో మాత్రం ఆ గడినే తీసివేశారు. దొంగ లెక్క పట్టుబడితే లెక్కల పుస్తకాన్నే చించివేయడం మా ఊరి సహకార సంఘంలో మాత్రమే జరుగుతుందని ఇన్నాళ్లూ అనుకున్నాను.

తీసివేయనిది మరొకటి ఉన్నది. మార్కుల్లో ఐదో వంతు కాలేజీల అధ్యక్షులు, డీన్‌లు ఒకరి సంస్థకు మరొకరు ఒకటి నుంచి ఐదు వరకు వేసుకునే అంకె మీద ఆధారపడుతుంది. ఎన్నడూ అడుగుపెట్టని ప్రాంగణానికి వారు ఏ ఆధారంతో నాలుగు వేస్తారు? నిరుటి పట్టిక చూసి వేయరని నమ్మడానికి నాకు చాలా భక్తి కావాలి. ఈ ఆట నాకు వద్దని 1995లో రీడ్ కాలేజీ వివరాలు పంపడం మానేస్తే, దానిని వదిలివేయడానికి బదులు అట్టడుగు వరుసకు దించారు. పెళ్లికి రాని బంధువు పరువు తీయడంలో మేమే ఘనులమనుకునేవాళ్లం.

పెద్ద విశ్వవిద్యాలయాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. పిల్లకు ఇంజనీరింగే కావాలని తేలితే ల్యాబులు, ఉద్యోగ మేళాలు, కోర్సుల సంఖ్య అన్నీ అటే మొగ్గుతాయి. వెల్చేరు నారాయణరావు గారు విస్కాన్సిన్-మాడిసన్‌లో దశాబ్దాల పాటు తెలుగు బోధించగలిగారంటే, అది దక్షిణాసియా చదువులకు ఒక విభాగాన్నే నిలుపుకోగల పెద్ద సంస్థ కావడం వల్లనే. రెండు వేల మంది ఉన్న చోట తెలుగుకు కుర్చీ దొరకదు. ఖర్చు సంగతి మరీ చిత్రం. సొంత రాష్ట్రం వారికి ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఫీజు తక్కువ. చిన్న కాలేజీ బోర్డు మీది ధర గుండె ఆపేటట్లు ఉంటుంది, కానీ తల్లిదండ్రుల ఆదాయాన్ని బట్టి అది ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క విధంగా తగ్గుతుంది. అందరికీ ఒకే అంకె చూపే తమరికి ఈ బాధ తెలిసే అవకాశం లేదు.

కావున ప్రార్థన ఏమనగా, వచ్చే సెప్టెంబరులో తమరు వేంచేసేటప్పుడు మొదటి ఏడాది విద్యార్థి పేపరు దిద్దేది ఎవరన్న గడి ఒకటి చేర్చించండి. అది కుదరదంటే కనీసం రెండు పట్టికలను కలిపి ఒక్కటి చేయించండి. మా బావమరిదికైనా ఇబ్బంది తప్పుతుంది. మా అమ్మాయి ఆలోచించుకొని గడువుకు ముందే ఒక చోట డిపాజిట్ కట్టింది. ఎక్కడో ఇందులో వ్రాయడం లేదు. వ్రాస్తే ఈ ఉత్తరం చదివినవారంతా ముందు దాని అంకె ఎంత అని తమరినే అడుగుతారు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక తెలుగు తండ్రి