టువూంబా ఇళ్ల మార్కెట్‌ను అద్దెకున్నవాళ్ల వైపు నుంచి చూడాలి

ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని టువూంబా గురించి ఎవరు మాట్లాడినా పూల దగ్గరే మొదలుపెడతారు. 1950 నుంచి సెప్టెంబరులో జరుగుతున్న పూల పండుగ, క్వీన్స్ పార్కు, కొండ అంచున పిక్నిక్ పాయింట్‌లో నిలబడితే కింద పరుచుకుని కనిపించే లాకియర్ లోయ. బ్రిస్బేన్‌కు పడమరగా సుమారు 125 కిలోమీటర్ల దూరంలో, 700 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు కాబట్టి వేసవిలోనూ సాయంత్రాలు చల్లబడతాయి. కాన్‌బెరాను పక్కన పెడితే ఆస్ట్రేలియాలో సముద్ర తీరానికి దూరంగా ఉన్న నగరాల్లో ఇదే పెద్దదని చెబుతారు. ఇళ్ల ప్రకటనల నిండా ఇవే ఉంటాయి, ఇందులో అబద్ధం ఏమీ లేదు. కాకపోతే ఆ ప్రకటనలు కొనేవాళ్ల కోసం రాసినవి. పని కోసం కొత్తగా వచ్చేవాళ్లు ముందు అద్దెకే దిగుతారు. ఈ మార్కెట్ బాగుందా లేదా అన్నది వాళ్లను అడిగి తేల్చాలని నా అభిప్రాయం.

ఇక్కడి గిరాకీ గాలిబుడగ అని నేను అనను. చుట్టూ డార్లింగ్ డౌన్స్ పంట భూములు, ఊళ్లో పెద్ద ఆసుపత్రులు, యూనివర్సిటీ, దూరపు పశువుల ఫారాల కుటుంబాలు పిల్లల్ని పంపే బోర్డింగ్ స్కూళ్లు, పక్కనే ఓకీలో సైనిక విమాన కేంద్రం ఉన్నాయి. వాగ్నర్ కుటుంబం ప్రైవేటుగా కట్టిన వెల్‌క్యాంప్ విమానాశ్రయం 2014లో మొదలైంది. ఇన్ని రకాల జీతాలున్న ఊరు ఒక్క దెబ్బకు పడిపోదు. ఇంకా పడమరకు వెళ్తే తేడా తెలుస్తుంది. అక్కడి గ్యాస్ నిల్వల ప్రాంతమైన సూరత్ బేసిన్‌లో ప్రాజెక్టుల నిర్మాణం జోరుగా సాగినప్పుడు చించిల్లా, మైల్స్ లాంటి చిన్న ఊళ్లలో అద్దెలు విపరీతంగా పెరిగాయి. నిర్మాణం అయిపోయి పనివాళ్లు వెళ్లిపోగానే ఇళ్లు ఖాళీ అయ్యాయి, పెట్టుబడి కోసం కొన్నవాళ్లకు అప్పు మిగిలింది.

ఊరి లోపల ధర ఎలా మారుతుందో తెలియాలంటే నేలను చూడాలి. తూర్పున కొండ అంచు వెంట రేంజ్‌విల్, మౌంట్ లాఫ్టీ, దక్షిణాన మిడిల్ రిడ్జ్ ఖరీదైన ప్రాంతాలు. ఈస్ట్ టువూంబాలో పెద్ద చెట్ల నీడన పాత చెక్క ఇళ్లు, క్వీన్స్‌లాండర్లు అంటారు వాటిని, ఇప్పటికీ గంభీరంగా నిలబడి ఉన్నాయి. అవి వేడికి గాలి ఆడేలా కట్టినవి. ఈ కొండ మీద చలికాలం గడ్డి మీద మంచు పేరుకునే ఉదయాల్లో ఆ చెక్క గోడల సందుల్లోంచి చలి లోపలికి వస్తుంది. ఎండాకాలంలో ఇల్లు చూసి మురిసిపోయి కొన్నవాళ్లకు ఇక్కడ చలికాలమైన జూలైలో హీటర్ బిల్లు వస్తేగానీ ఆ సంగతి తెలియదు.

కొండ మీది ఎర్రమట్టి దాటి పడమరకు దిగితే నల్లరేగడి నేలలు మొదలవుతాయి. పంటకు బంగారం లాంటి ఆ మట్టి ఇంటికి మాత్రం కష్టమే. వాన పడితే ఉబ్బుతుంది, ఎండితే పగుళ్లిస్తుంది. అందుకే అలాంటి స్థలంలో పునాది బలంగా వెయ్యాలి, ఖర్చు పెరుగుతుంది. చవగ్గా వచ్చిందనుకున్న ప్లాటులో మిగిలిన డబ్బు సాయిల్ టెస్టు రిపోర్టు వచ్చాక కాంక్రీటులోకి పోవచ్చు.

నీళ్ల సంగతి ఇంకా వింత. కొండ మీది ఊరికి వరద ఏమిటని అందరూ అనుకునేవారు. 2011 జనవరి 10న కుండపోత వానకు ఈస్ట్ క్రీక్, వెస్ట్ క్రీక్ ఒక్కసారిగా పొంగి ఊరి నడిబొడ్డున కార్లను ఈడ్చుకుపోయాయి, ప్రాణాలు తీశాయి. అదే ఊరు అంతకు నాలుగైదేళ్ల ముందు తాగునీటికి కటకటలాడింది. మురుగునీటిని శుద్ధి చేసి తాగునీటిలో కలపాలన్న ప్రతిపాదనను 2006 జూలైలో జరిగిన ఓటింగులో 60 శాతానికి పైగా జనం తిరస్కరించారు. చివరికి వైవెన్‌హో డ్యామ్ నుంచి కొండ పైకి నీళ్లు ఎక్కించే పైపులైను వచ్చింది. ఇక్కడ స్థలం కొనేవాళ్లు కొండ అంచు వ్యూ కన్నా ముందు కౌన్సిల్ (ఇక్కడి స్థానిక పాలక సంస్థ) వరద మ్యాపు చూడాలి. ఆ మ్యాపులో నీలం రంగు పడిన వీధికీ పడని వీధికీ బీమా ప్రీమియంలో తేడా ఉంటుంది, రేపు అమ్మేటప్పుడు ధరలోనూ ఉంటుంది.

ఇక అద్దెల సంగతి. అద్దె ఇళ్లలో 3 శాతం దాకా ఖాళీగా ఉంటే మార్కెట్ సమతూకంలో ఉన్నట్టు లెక్క. టువూంబాలో 2021 తర్వాత చాలాకాలం ఆ అంకె 1 శాతం దరిదాపుల్లోనే ఉంది. అంటే ఒక ఇల్లు ఖాళీ అయితే చూడ్డానికి బోలెడు కుటుంబాలు వస్తాయి. వాళ్లలో పాతకాపులకు అద్దె చరిత్ర ఉంటుంది, రిఫరెన్సులు ఉంటాయి. ఈ దేశానికి నెల క్రితం వచ్చిన కుటుంబం దగ్గర జాబ్ ఆఫర్ లెటర్ తప్ప ఏమీ ఉండదు.

ఆ కుటుంబం ఇక్కడే ఎందుకు ఉందన్నది వీసాలో ఉంది. నైపుణ్యం ఉన్న వలసదారులకిచ్చే తాత్కాలిక వీసా, 2019 నవంబరులో మొదలైన 491 ప్రకారం సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ కాని ప్రాంతంలోనే ఉండాలి, అక్కడే పని చెయ్యాలి. కనీసం 3 ఏళ్లు గడిస్తేనే పర్మనెంట్ రెసిడెన్సీకి దారి. అందాకా వాళ్లు తాత్కాలిక నివాసులే కాబట్టి ఇల్లు కొనడానికీ అడ్డంకులే. 2025 ఏప్రిల్ 1 నుంచి 2027 మార్చి 31 వరకు అని ప్రకటించిన నిషేధం ప్రకారం తాత్కాలిక నివాసులు సాధారణంగా పాత ఇల్లు కొనకూడదు. కొత్త ఇంటికి అనుమతి తీసుకోవచ్చు. కానీ క్వీన్స్‌లాండ్‌లో విదేశీ కొనుగోలుదారుపై 2024 జూలై నుంచి 8 శాతం అదనపు స్టాంపు డ్యూటీ పడుతోంది. మొదటిసారి కొత్త ఇల్లు కొనేవాళ్లకు 2023 నవంబరులో 30,000 డాలర్లకు పెంచిన గ్రాంటు రావాలంటే దరఖాస్తు చేసేవాళ్లలో ఒక్కరైనా పౌరులో పర్మనెంట్ రెసిడెంటో అయి ఉండాలి.

ఒక చట్టం మనిషిని ఇలాంటి ఊళ్లోనే ఉండమంటుంది, ఇంకో చట్టం ఇక్కడ ఇల్లు కొనుక్కోవద్దంటుంది. విదేశీ డబ్బుతో ధరలు పెరగకూడదన్న ఉద్దేశాన్ని నేను తప్పు పట్టను. కానీ వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ చేసి ఇక్కడే పన్ను కడుతున్న మనిషినీ, ఎక్కడో కూర్చుని పెట్టుబడి పెట్టే మనిషినీ ఒకే గాట కట్టడం అన్యాయం. వీసా షరతు ప్రకారం ఇక్కడే ఉండి పని చేస్తున్నవాళ్లకు, తాముండే ఒక్క ఇంటి వరకైనా ఈ అడ్డంకులు తీసెయ్యాలి.

కొంత మంచి కూడా జరిగింది. 2024 జూన్ నుంచి క్వీన్స్‌లాండ్‌లో రెండు అద్దె పెంపుల మధ్య 12 నెలల గడువు అద్దెకున్నవాళ్లకు కాక ఇంటికే వర్తిస్తుంది. అద్దెకున్నవాళ్లను మార్చి మధ్యలో పెంచుదామంటే కుదరదు. ప్రకటించిన అద్దె కన్నా ఎక్కువ తీసుకోవడమూ నిషేధమే. ఈ నియమాల వల్ల టెన్షన్ కొంత తగ్గింది, ఇళ్ల సంఖ్య మాత్రం పెరగలేదు.

కట్టే ఇళ్లు కూడా అవసరానికి తగ్గట్టు లేవు. ఉత్తరాన హైఫీల్డ్స్, పడమర గ్లెన్‌వేల్, వెస్ట్‌బ్రూక్ వైపు చూడండి. వీధి వీధంతా నాలుగు బెడ్‌రూములు, రెండు కార్ల గ్యారేజీ ఉన్న ఇళ్లే. ఒంటరి నర్సుకు, అప్పుడే పెళ్లయిన జంటకు, భర్త పోయిన పెద్దావిడకు అంత ఇల్లు ఎందుకు? పైగా అక్కడ కారు లేకపోతే రోజు గడవదు. రాత్రి షిఫ్టుకు బస్సును నమ్ముకోలేరు. తక్కువ అద్దెకు ఊరి అంచుకు వెళ్లినవాళ్లు మిగిలిందంతా రెండో కారు మీద పెడతారు.

రోడ్ల విషయంలో ఊరు నిజంగా బాగుపడింది. 2019 సెప్టెంబరులో 41 కిలోమీటర్ల బైపాస్ తెరిచాక జేమ్స్ స్ట్రీట్ మీదుగా పోయే భారీ లారీలు తగ్గాయి. రైలు సంగతి అలా లేదు. మెల్‌బోర్న్ నుంచి బ్రిస్బేన్‌కు వేస్తున్న సరుకు రైలు మార్గం, ఇన్‌లాండ్ రైల్, వస్తుందని ఇక్కడి భూముల మీద చాలామంది ఆశ పెట్టుకున్నారు. 2023 సమీక్ష తర్వాత ముందు న్యూ సౌత్ వేల్స్‌లోని పార్క్స్ వరకే పూర్తి చెయ్యాలని ప్రభుత్వం నిర్ణయించింది, క్వీన్స్‌లాండ్ భాగం వెనక్కి పోయింది. బ్రిస్బేన్‌కు ఉన్న ప్రయాణికుల రైలు వారానికి రెండుసార్లే, అదీ నాలుగు గంటలు. బ్రిస్బేన్‌లో ఉద్యోగం చేస్తూ ఇక్కడ ఉందామనుకునేవాళ్లు ఈ లెక్క వేసుకునే రావాలి.

ఇప్పుడు బెయిలీ హెండర్సన్ ఆసుపత్రి ప్రాంగణంలో కొత్త ఆసుపత్రి లేస్తోంది. అది తెరిచాక ఉద్యోగులు ఎక్కడ ఉంటారన్న ప్రశ్న ఆ రోజు వేసుకుంటే ఆలస్యమైపోతుంది. దాని చుట్టూ ఒకటి రెండు బెడ్‌రూముల అద్దె ఇళ్లకు కౌన్సిల్ ఇప్పుడే అనుమతులివ్వాలి. రాష్ట్ర ప్రభుత్వం తన భూమిలో కొంత వాటికే కేటాయించాలి. తెల్లవారి డ్యూటీ దిగిన నర్సు నడిచి ఇంటికి చేరేంత దగ్గరలో ఆ ఇళ్లుండాలి.