కలం బలం కుర్చీది

పెన్నుతో రాసే టాబ్లెట్ల మీద జనానికి శిక్షణ తరగతులు పెట్టాలని ఈ మధ్య ఏ మీటింగుకు పోయినా ఎవరో ఒకరు లేచి అంటున్నారు. నల్లగొండ, పాలమూరు మనుషుల్ని ఇంత చిన్నచూపు చూడటం అన్యాయం. భూమి కాగితం కోసం ఒక్కసారి తహసీలు మెట్లెక్కినవాడికి ఆ యంత్రంలో తెలియనిది ఏముంది కనుక?

పలకా బలపం మళ్లీ వచ్చాయని మురిసిపోయే వ్యాసం నేను రాయను. పలక మీద ఉమ్మేసి తుడవొచ్చు. దీని మీద తడి పడితే అదీ వేలే అనుకుని ఏదో ఒకటి తెరుస్తుంది.

అసలు సంగతి పెన్నులో ఉంది. జపాన్ కంపెనీ వాకామ్ పద్ధతిలో చేసిన పెన్నుకు బ్యాటరీ ఉండదు. తెర వెనక పరిచిన తీగచుట్ల అయస్కాంత క్షేత్రం నుంచే దానికి శక్తి అందుతుంది. జానెడు దూరం జరిపితే అది ఉత్త ప్లాస్టిక్ పుల్ల. ఇదో గొప్ప ఆవిష్కరణట. కలానికి సొంత బలం లేదని, ఉన్నదంతా కుర్చీదేనని, బదిలీ ఆర్డరు వచ్చిన మర్నాడు అదే కలాన్ని పలకరించే నాథుడుండడని మన అటెండర్లకు ఏనాడో తెలుసు. పైగా మొన తెరను తాకకముందే, సెంటీమీటరు ఎడంలో ఉండగానే యంత్రం పసిగట్టేస్తుందట. గుమ్మంలో ఉన్న మనిషి జేబు బరువు చెప్పగల గుమస్తాలను ఎరుగుదుం, ఇదేం పెద్ద విద్య? ఒత్తిడిలో 4096 స్థాయిలు గుర్తించే పెన్నులున్నాయి. మనకు రెండే: పైనుంచి ఫోను, బల్ల కింద నుంచి కవరు. మిగతా 4094 ఎవరి కోసమో.

బొమ్మలు గీసే యాపుల్లో పొరలుంటాయి. కన్ను గుర్తు నొక్కితే ఒక పొర మాయమై దాని కిందిది బయటపడుతుంది. మన భూమి రికార్డుల్లో అడుగున 1954-55 ఖాస్రా పహాణీ, దాని మీద ఏటేటి పహాణీలు, నడుమ ఎక్కడో తెల్లకాగితం మీద రాసుకున్న సాదా బైనామా, ఆపైన 2020 నాటి ధరణి పోర్టల్, ఇప్పుడు దాని చోట భూభారతి. సర్వే నంబరు ఒక్కటే. ఏ పొర మీద కన్ను తెరిస్తే ఆ పట్టాదారు ప్రత్యక్షమవుతాడు.

పెన్ను దగ్గరుంటే చాలు, తెరకు ఆనిన అరచేతిని ఆ యంత్రం లెక్కచెయ్యదు. ఖాళీ చేతుల్ని ఖాతరు చెయ్యని ఈ పద్ధతిని ఎవరి దగ్గర నేర్చుకుందో పేరు చెబితే బాగుండేది.

ఇంతవరకు ఫిర్యాదేమీ లేదు. దాని దుర్గుణం ఒక్కటే, చేతిరాత చదవబోతుంది. 1993లో ఆపిల్ వాళ్ల న్యూటన్ అనే చేతి యంత్రం ఆ పని చెయ్యబోయి నవ్వులపాలైంది. 2007లో ఆ కంపెనీ అధిపతి స్టీవ్ జాబ్స్ స్టైలస్, అంటే తెర మీద రాసే పెన్ను, ఎవరికి కావాలని అడిగాడు కూడా. ఆ పెద్దమనిషి పోయాక 2015లో అదే కంపెనీ పెన్సిలు అమ్మకానికి పెట్టింది. రాత ఎవరికీ అర్థం కాకపోవడం మీదనే ఇక్కడ ఎన్ని కాపురాలు నిలబడ్డాయో వాళ్లకేం తెలుసు? శిక్షణంటూ ఇస్తే ఆ యంత్రానికి ఇవ్వాలి, చదవకుండా ఎట్లా ఉండాలో.

దేవరకొండలో దస్తావేజులు రాసే మా మామకు కొడుకు పట్నం నుంచి ఇలాంటి టాబ్లెట్ ఒకటి పంపాడు. మామ తలకట్లు పెట్టడు. పంక్తంతా రాశాక వెనక్కొచ్చి అన్నీ ఒకేసారి గీసుకుంటూ పోతాడు. యంత్రమేమో గీతలు పడిన వరసను బట్టి అక్షరం పోల్చుకుంటుంది. ‘పడమర వాగు’ కాస్తా ‘వడమర పాగు’ అయింది. మూడెకరాల పన్నెండు గుంటలు, పన్నెండు గంటలయ్యాయి.

“గుంటలు గంటలైతే కొన్నోడు నా గల్ల వడ్తడురా అల్లుడా” అని మామ మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి నిదానంగా, విడివిడిగా, ఏ అక్షరానికి ఆ తలకట్టు అక్కడే పెట్టుకుంటూ. యంత్రం పొల్లుపోకుండా చదివి, లావుపాటి అచ్చక్షరాల్లో తెర మీద పరిచింది. బల్లకు అవతల కూర్చున్న ముసలాయన, పొలం అమ్ముకుంటున్నది ఆయనే, అద్దాలు సవరించుకుని వంగాడు. పెదాలు కదుపుతూ కింది దాకా చదివాడు.

“ఈడ బాయి సుత వడ్డదేంది సారూ? బాయి నేనమ్మలే గద.”

మామ పక్కనున్న మీట నొక్కి తెర ఆర్పేశాడు. సొరుగులోంచి జెల్ పెన్ను తీశాడు. “దీన్ల చార్జింగ్ అయిపోయింది పెద్దాయనా, కాయితం మీద రాసుకుందాం” అన్నాడు. ఆరేముందు మూలన ఎనభై నాలుగు శాతం ఉంది.