షార్ట్ లెగ్‌లో ప్రొబేషన్

ఫీల్డర్లు ఎక్కడ నిలబడాలో బౌలర్‌నీ బ్యాటర్‌నీ చూసి నిర్ణయిస్తారని ఇన్నాళ్లూ నమ్మాను. మొన్న ఆదివారం మొయినాబాద్ దగ్గర మా ఆఫీసు మ్యాచ్ చూశాక తెలిసింది, చూసేది జీతాన్ని.

స్లిప్‌లో డైరెక్టర్ గారు. కబుర్లకు అనువైన చోటు. దూరంగా బౌండరీ దగ్గర, లాంగాన్‌లో హెచ్‌ఆర్, టెంటూ మిర్చి బజ్జీలూ అటే కదా మరి. బ్యాటర్‌కి నాలుగడుగుల దూరంలో, షార్ట్ లెగ్‌లో, చేరి మూడు వారాలైనా కాని కుర్రాడు.

"అన్నా, హెల్మెట్?" అన్నాడు వాడు మొహమాటంగా.

"ఒక్క ఓవరే కదా తమ్మీ, ఏం గాదు!" అన్నాడు కెప్టెన్. ఆయనే మా మేనేజర్. మిడాఫ్‌లో నల్ల కళ్లద్దాలతో భద్రంగా ఉన్నాడు.

మా స్పిన్నర్ బంతి సగం పిచ్‌లోనే పడి, కొట్టు నాయనా అని బతిమాలుకుంటుంది. బ్యాటర్ కాదనలేదు. కుర్రాడు తల చేతుల్లో దాచుకుని ముడుచుకుపోయాడు. లెదర్ బంతి వీపు మీద ఫట్‌మంది. "బంతి మీద కన్నుండాలె!" అని కెప్టెన్ కేక. ఇంకాసేపుంటే కన్ను మీదే బంతి ఉండేది. ఆ ఓవర్లో ఇది మూడుసార్లు జరిగింది. మూడోసారి డైరెక్టర్ గారు చప్పట్లు కూడా కొట్టారు.

బిర్యానీ దగ్గర కెప్టెన్, షార్ట్ లెగ్ క్యాచ్‌లకి పేరుపడ్డ పాతకాలం ఇండియా ఆటగాడు సోల్కర్‌ని బయటికి తీశాడు. 27 టెస్టుల్లో 53 క్యాచ్‌లు, హెల్మెట్ లేకుండానే! నిజమే. కానీ సోల్కర్ అక్కడ నిలబడితే బంతులేసింది బేడీ, చంద్రశేఖర్, వెంకట్రాఘవన్ లాంటి మేటి స్పిన్నర్లు. మన అకౌంట్స్ సెక్షన్ కాదు.

ఇండియాకి ఆడిన రమణ్ లాంబా పేరు మాత్రం మా కెప్టెన్‌కి గుర్తు రాలేదు. 1998, ఢాకా, క్లబ్ మ్యాచ్. ఓవర్లో మిగిలినవి కొద్ది బంతులే కదా అని హెల్మెట్ వద్దని షార్ట్ లెగ్‌లో నిలబడ్డాడు. బంతి తలకు తగిలి ఎగిరి కీపర్ చేతిలో పడింది. బ్యాటర్ అవుట్. మూడు రోజులకు లాంబా చనిపోయాడు. 38 ఏళ్లు. టెస్టులు ఆడినవాడు! ఇక్కడేమో నిన్నటిదాకా ల్యాప్‌టాప్ తప్ప ఏమీ పట్టని పిల్లాడు. డ్రోన్ కెమెరాకి డబ్బుంది, నడుమెత్తు కప్పుకి డబ్బుంది, ఒక్క హెల్మెట్‌కి లేదా? సిగ్గనిపించదా మీకు?

భోజనాలయ్యాక కుర్రాడు పార్కింగ్‌కి వెళ్లి తన బైక్ హెల్మెట్ పెట్టుకొచ్చాడు. కెప్టెన్ తీయించేశాడు. డ్రోన్ వీడియోలో బాగుండదట.